నాలుగేళ్లు పచ్చి కోడిమాంసం, ఏడాది ఉడికించిన మాంసం: మా రెండు కుక్కల అనుభవం

రాజమహేంద్రవరంలోని మా ఇంట్లో రెండు కుక్కలున్నాయి. 30 కిలోల లాబ్రడార్ పేరు భీముడు, నుదుటి మీద తెల్లమచ్చ ఉన్న 18 కిలోల ఊరకుక్క పేరు చుక్క. 2020 నవంబరు నుంచి 2025 ఫిబ్రవరి దాకా ఈ రెండింటికీ పచ్చి కోడిమాంసమూ పచ్చి ఎముకలే ప్రధాన ఆహారంగా పెట్టాను. ఆ తరువాత ఏడాదికి పైగా అదే మాంసాన్ని ఉడికించి పెడుతున్నాను. రెండు పద్ధతులనూ ఒకే కుక్కల మీద, ఒకే దుకాణంలో కొన్న మాంసంతో చూడగలిగాను కాబట్టి, పచ్చిమాంసం పెట్టాలా వద్దా అని ఆలోచిస్తున్నవారికి ఈ అనుభవం పనికొస్తుందని వివరంగా రాస్తున్నాను.

అంతకుముందు మా కుక్కల తిండి పెరుగన్నం, పాలలో నానబెట్టిన బిస్కెట్లు, ఆదివారం నాడు మిగిలిన కూర. భీముడికి రెండేళ్లు వచ్చేసరికి ఒళ్లంతా దురద, చెవుల్లో చీము, ఎంత కడిగినా పోని వాసన మొదలయ్యాయి. మెల్‌బోర్న్‌లో ఉన్న మా అబ్బాయి, అక్కడి సూపర్ మార్కెట్లలో కోడి మెడలను కుక్కల కోసమే పొట్లాలు కట్టి అమ్ముతారనీ, తాను కూడా తన కుక్కకు అవే పెడుతున్నాననీ చెప్పాడు. కుక్కకు పచ్చిమాంసం, పచ్చి ఎముకలే సహజమైన ఆహారమన్న వాదాన్ని 1993 నుంచి బాగా ప్రచారంలోకి తెచ్చినవారు ఆస్ట్రేలియాకు చెందిన పశువైద్యుడు ఇయాన్ బిల్లింగ్‌హర్స్ట్. తోడేలు వంటి పూర్వీకుల నుంచి వచ్చిన జంతువుకు పెరుగన్నం పెట్టడమేమిటన్న ఆ వాదన నాకు న్యాయంగానే తోచింది. తోడేలుకు లేని విధంగా కుక్క పిండిపదార్థాన్ని అరిగించుకోవడానికి జన్యుపరంగా అలవాటు పడిందని స్వీడన్ శాస్త్రవేత్తలు 2013లోనే నిరూపించిన సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

శరీర బరువులో రెండున్నర శాతం చొప్పున భీముడికి రోజుకు 750 గ్రాములు, చుక్కకు 450 గ్రాములు పెట్టేదాన్ని. నూటికి 80 పాళ్లు మాంసం, 10 పాళ్లు ఎముక, 5 పాళ్లు కార్జం, 5 పాళ్లు ఇతర లోపలి అవయవాలు ఉండాలన్నది ఈ పద్ధతిలో అందరూ చెప్పే లెక్క. చికెన్ షాపులో కార్జం, కందనకాయ, గుండె దొరుకుతాయి కనుక అవయవాల పాలు తీరిపోయిందనుకున్నాను. నిజానికి కందనకాయ, గుండె రెండూ కండరాలే కాబట్టి ఈ లెక్కలో అవి మాంసం కిందికే వస్తాయి. ఇక మెడలు, కాళ్లు స్కిన్‌లెస్ ధరలో మూడో వంతుకు కూడా రావు. షాపు అబ్బాయి నన్ను చూడగానే "అమ్మగారూ, మీ మెడలు తీసి పక్కన పెట్టానండీ" అనేవాడు. చవకగా దొరుకుతున్నాయి కదా అని ఆ రెండింటి పాలు నాకు తెలియకుండానే పెరుగుతూ వచ్చింది.

చుక్క తినే తీరు చూసి తీరవలసిందే. కోడి కాలును ముందు కాళ్ల మధ్య నిలబెట్టి పట్టుకుని, తల పక్కకు వాల్చి, వెనక దంతాలతో ఒక్కొక్క కణుపూ కొరికేది. ఎండు కంది కట్టెను విరిచినట్టు చప్పుడయ్యేది. ఒక కాలు తినడానికి దానికి పది నిమిషాలు పట్టేది, తిన్నాక గంటసేపు ప్రశాంతంగా పడుకునేది. భీముడు మాత్రం మెడను రెండుసార్లు నొక్కి మింగేసేవాడు.

మొదటి మూడు నెలల్లో కనిపించిన మార్పు నా ఊహ కాదు. భీముడి దురద చాలావరకు తగ్గింది, చెవులు శుభ్రపడ్డాయి, వెంట్రుకలకు నూనె రాసినట్టు మెరుపు వచ్చింది. మలం చిన్నదిగా, గట్టిగా, వాసన తక్కువగా ఉండేది. చుక్క కోరపళ్ల మీద పసుపుపచ్చగా పేరుకున్న గార ఆరు నెలల్లో దానంతటదే రాలిపోయింది. ఈ మేలంతా మాంసం పచ్చిగా ఉండడం వల్లనే కలిగిందని అప్పట్లో గట్టిగా నమ్మి, అడిగినవారికీ అడగనివారికీ అదే చెప్పాను.

ఎముకల విషయంలో నా పొరపాట్లు రెండవ ఏడాదిలో బయటపడ్డాయి. చుక్క మలం సున్నపు ముక్కల్లా తెల్లగా, పొడిపొడిగా రాసాగింది. వంగి కూర్చుని ఎంతో సేపు ముక్కేది. డాక్టరుగారు చూసి, "ఎముకలు ఎంత పెడుతున్నారమ్మా?" అని అడిగితే చెప్పడానికి నా దగ్గర లెక్క లేదు. మాంసంలో ఫాస్ఫరస్ ఎక్కువ, కాల్షియం బాగా తక్కువ. ఎముక లేకుండా ఉత్త మాంసమే పెడితే కుక్క తన ఎముకల్లోని కాల్షియాన్నే కరిగించుకుని చివరికి పెళుసుబారిపోతుంది. మెడలు, కాళ్లు ఎక్కువైతే దానికి తిరగబడి కాల్షియం పెరిగిపోయి మలబద్ధకం పట్టుకుంటుంది. ఫాస్ఫరస్ ఒక పాలు ఉంటే కాల్షియం ఒకటింబావు పాళ్ల దగ్గర ఉండేలా చూడాలని ఆయన చెప్పారు. మరీ ముఖ్యంగా, పెద్ద జాతుల పిల్లకుక్కలు అదనంగా వచ్చిన కాల్షియాన్ని పెద్ద కుక్కల్లా వదిలించుకోలేవు కనుక, వాటికి ఈ లెక్క తప్పితే ఎదిగే ఎముకలే వంకర తిరుగుతాయి. లాబ్రడార్, జర్మన్ షెపర్డ్ పిల్లలకు ఇంట్లో ఉజ్జాయింపుగా మెడలు వేసేవారు ఈ ఒక్క మాటైనా పట్టించుకోవాలని నా మనవి.

భీముడి సంగతి అంతకంటే భయపెట్టింది. ఒక రోజు మెడ గొంతులో అడ్డుపడి, నోరు తెరిచి, మెడ చాచి, శబ్దం లేకుండా దగ్గుతూ పెరడంతా తిరిగాడు. నోట్లో చెయ్యి పెట్టినా నా వేళ్లకు ముక్క కొస మాత్రమే తగిలింది. అర నిమిషానికి వాంతితో బయటికి వచ్చింది. చూస్తే ఒక్క పంటిగాటు కూడా లేని పూర్తి మెడ. ఆ రోజు నుంచి వాడికి మెడలను కత్తితో చితక్కొట్టి వేశాను. ఆబగా మింగే కుక్కకు కోడి ఎముక ఎంత మెత్తనిదైనా ప్రమాదమేనని నాకు అప్పుడు అర్థమయింది.

పచ్చి ఎముకకూ ఉడికిన ఎముకకూ ఉన్న తేడా మాత్రం కంటికి కనిపించేంత స్పష్టమైనది. బ్రాయిలర్ కోడిని ఆరేడు వారాల వయసులోనే కోస్తారు కాబట్టి దాని పచ్చి ఎముక వంగుతుంది, నలుగుతుంది. వేడి తగిలితే అందులోని తేమా జిగురూ పోయి అది పెళుసుగా మారి, కొరికినప్పుడు సూదుల్లా చీలుతుంది. 2022 కనుమ రోజున ఇంటికి వచ్చిన చుట్టాలు, మీ కుక్క ఎముకలు తింటుందట కదా అని బిర్యానీలోని కాళ్ల ఎముకలు నాలుగు భీముడికి వేశారు. మర్నాడు వాడు విరేచనానికి కూర్చుని అరిచాడు, నెత్తురు పడింది. ఎక్స్‌రేలో పెద్దపేగు చివర ఎముక ముక్కలు తెల్లగా గుట్టగా కనిపించాయి. మత్తు ఇచ్చి ఎనీమాతో తీయవలసి వచ్చింది, రెండు రోజులు సెలైన్ పెట్టారు. పచ్చి ఎముకలు అలవాటు చేసిన ఇంట్లో ఏ ఎముకైనా ఫరవాలేదన్న అభిప్రాయం చుట్టుపక్కలవారికి కలుగుతుంది. ఆ అభిప్రాయానికి కారణం నేనే కనుక, చుట్టాలను తప్పుపట్టలేకపోయాను.

ఇక వంటగది సంగతి, నాకు అన్నిటికన్నా బరువుగా తోచినది ఇదే. రోజుకు కిలో రెండు వందల గ్రాములంటే నెలకు 36 కిలోల పచ్చిమాంసం మా ఫ్రిజ్‌లోంచి, మా సింకులోంచి, నా చేతుల్లోంచి వెళ్లేది. మన చికెన్ షాపుల్లో కోడిని కోసేది, ఈకలు పీకేది, పేగులు తీసేది, ముక్కలు కొట్టేది అన్నీ ఆ పది అడుగుల చోటులోనే, ఆ ఒక్క మొద్దు మీదే. మనం కూర వండుకుంటాం కాబట్టి అది చెల్లిపోతుంది, కుక్క గిన్నెలోకి పచ్చిగా వెళ్లేదానికి మాత్రం ఏ రక్షణా ఉండదు. పసుపు, ఉప్పు రాసి కడిగితే చాలని చాలా కాలం అనుకున్నాను. సాల్మొనెల్లా, క్యాంపైలోబ్యాక్టర్ వంటి బ్యాక్టీరియా పసుపుకు చావవు. డీప్ ఫ్రీజర్‌లో పెడితే కొన్ని పరాన్నజీవులు చస్తాయి గానీ సాల్మొనెల్లా గడ్డకట్టి కూర్చుని, కరగగానే మళ్లీ లేస్తుంది. కుళాయి కింద కడిగితే ఆ తుంపరలు పక్కనున్న గిన్నెల మీదికి కూడా పోతాయి. కోడిమాంసం లోపలి దాకా 74 డిగ్రీల సెల్సియస్ వేడి తగిలితేనే దానికి నిజమైన చికిత్స.

కుక్క కడుపులో ఆమ్లం బలంగా ఉంటుంది కాబట్టి దానికేమీ కాదని పచ్చిమాంసం పెట్టేవారంతా అంటారు. మా కుక్కలు నాలుగేళ్లలో ఈ కారణంగా జబ్బుపడిన దాఖలా నాకైతే కనిపించలేదు. అయితే కుక్క ఆరోగ్యంగా ఉంటూనే తన మలంలోనూ మూతి మీదా ఆ సూక్ష్మజీవులను మోయగలదు. అమెరికా పశువైద్యుల సంఘం 2012లో పచ్చిమాంసం పెట్టవద్దని చెప్పినప్పుడు ముందుకు తెచ్చిన కారణాల్లో ఇంట్లోని మనుషుల ఆరోగ్యం ముఖ్యమైనది. మా అత్తగారికి 78 ఏళ్లు. భీముడు తిన్న వెంటనే వెళ్లి ఆవిడ ఒడిలో తల పెట్టేవాడు, ఆవిడ ఆ చేత్తోనే తమలపాకు చుట్టుకునేవారు. 2024 ఆగస్టులో ఆవిడకు అయిదు రోజులు జ్వరం, నీళ్ల విరేచనాలు అయ్యాయి. పరీక్షలో సాల్మొనెల్లా బయటపడింది. అది కుక్కలకు పెట్టే మాంసం నుంచే వచ్చిందని నేను నిరూపించలేను, రాలేదని గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పలేను. ఆసుపత్రి నుంచి వచ్చాక ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు. "అమ్మాయ్, వాడిని నా దగ్గరికి రానివ్వనని మాత్రం అనకు" అన్నారు.

అప్పటికైనా మానవలసింది, మానలేదు. వేరే కత్తి, వేరే పలక, మూతపెట్టిన స్టీలు డబ్బాలు, నేలకు బ్లీచింగ్, తిన్నాక మూతులు తుడవడం అంటూ జాగ్రత్తలు పెంచాను. అవన్నీ రోజుకు రెండుసార్లు, పండగనాడూ ఒంట్లో బాగాలేనినాడూ కూడా తప్పకుండా చేయడం ఒక మనిషి వల్ల అయ్యే పని కాదు. ఇంతలో మా అబ్బాయే మరో సంగతి చెప్పాడు. మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయ పశువైద్యులు 2018లో ప్రచురించిన పరిశోధనలో, వెనక కాళ్లతో మొదలై ఒళ్లంతా చచ్చుబడే ఒక నరాల జబ్బు వచ్చిన 27 కుక్కలను, ఆ జబ్బులేని 47 కుక్కలతో పోల్చి చూశారు. జబ్బుపడినవాటిలో క్యాంపైలోబ్యాక్టర్ ఉండే అవకాశం తొమ్మిది రెట్లకు పైగా ఎక్కువని తేలింది, పచ్చి కోడిమాంసం తినడానికీ ఈ జబ్బుకూ సంబంధం కనిపించింది. ఆ జబ్బు అరుదైనదే. కానీ తాను అన్నాళ్లుగా పెట్టిన మెడలనే అక్కడి వైద్యులు ప్రత్యేకంగా వద్దంటున్నారని చెప్పేటప్పుడు వాడి గొంతు తగ్గిపోయింది.

2025 ఫిబ్రవరిలో మా జిల్లాలోని పెరవలి మండలం కానూరులోనూ, పశ్చిమ గోదావరి జిల్లా తణుకు మండలం వేల్పూరులోనూ కోళ్లకు బర్డ్ ఫ్లూ నిర్ధారణ అయింది. మనుషులకైతే బాగా ఉడికించి తింటే భయం లేదని అధికారులు చెప్పారు. ఆ మాటలోని "ఉడికించి" అన్న పదం దగ్గరే నేను ఆగిపోయాను. 2023లో కెనడాలోని ఒంటారియోలో చచ్చిన అడవి పెద్దబాతును (గూస్) కొరికిన పెంపుడు కుక్క ఇదే జాతి వైరస్‌తో చనిపోయింది. 2024 చివర అమెరికాలో పచ్చిమాంసపు ఆహారం తిన్న పెంపుడు పిల్లి చనిపోయింది. ఆ వారమే పచ్చిమాంసం ఆపేశాను, మళ్లీ మొదలుపెట్టలేదు.

ఉడికించిన తిండికి మారిన తరువాత తెలిసిన విషయమే ఈ సమీక్ష రాయడానికి అసలు కారణం. దురద తిరిగి వస్తుందని, వెంట్రుకల మెరుపు పోతుందని ఎదురుచూశాను. ఏడాది గడిచినా భీముడి చెవులు శుభ్రంగానే ఉన్నాయి, మెరుపు అలాగే ఉంది. మలం కొంచెం పెరిగింది, అంతే. నాలుగేళ్లు పచ్చితనానికి కట్టబెట్టిన గొప్పంతా మాంసానిదేనని, పాలూ బిస్కెట్లూ మానడానిదేనని ఇప్పుడు నా అభిప్రాయం. ఉడికించడం వల్ల నిజంగా పోయింది ఒక్కటే, పళ్ల శుభ్రత. ఎనిమిది నెలల్లో చుక్క పళ్లకు మళ్లీ గార పట్టింది. కుక్కల టూత్‌పేస్టుతో రాత్రిపూట తోముతున్నాను. కోడి కాలు చేసినంత బాగా నా బ్రష్షు చేయడం లేదు, ఆ మాట ఒప్పుకోవాలి.

ప్రస్తుతం ఎముక లేని మాంసాన్ని, కార్జాన్ని ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి లేకుండా కుక్కర్లో ఉడికించి, ఆ నీళ్లు పారబోయకుండా కొంచెం అన్నం, గుమ్మడికాయ కలిపి పెడుతున్నాను. ఎముక లేదు కాబట్టి కాల్షియం కోసం, డాక్టరుగారి సలహా మీద, అర కిలో మాంసానికి అర టీ స్పూను చొప్పున ఎండబెట్టి మెత్తగా నూరిన గుడ్డుపెంకుల పొడి వేస్తున్నాను. కోడిమాంసంలో తక్కువగా ఉండే జింకు, విటమిన్ ఇ కోసం ఆయన రాసిన మందు కలుపుతున్నాను, వారానికి రెండుసార్లు ఉడికించిన కవళ్లు (చిన్న చేపలు) పెడుతున్నాను. మెడలను కుక్కర్లో గంటసేపు పెట్టి మెత్తబరిచే ప్రయత్నం కూడా చేశాను. కొన్ని వేళ్లతో నలిపితే పిండి అయ్యాయి, కొన్ని కాలేదు. ఒక్కొక్క ముక్కనూ నలిపి చూసుకునే ఓపిక ఎల్లకాలం ఉంటుందన్న నమ్మకం లేక అదీ మానేశాను.

ఇంట్లో పసిపిల్లలు, వృద్ధులు, గర్భిణులు, కాన్సర్ చికిత్సలో ఉన్నవారు ఉంటే పచ్చి కోడిమాంసం జోలికి వెళ్లవద్దని ఖచ్చితంగా చెబుతాను. అలాంటివారెవరూ లేని ఇంట్లో, చుక్కలాగా నెమ్మదిగా నమిలే పెద్ద కుక్కకు, పెరట్లో వేరుగా పెట్టగలిగినవారు కోళ్లలో రోగాలు లేని రోజుల్లో అప్పుడప్పుడు ఒక పచ్చి కోడి కాలు వేస్తామంటే నేను వాదించను. నేను మాత్రం వేయడం లేదు. మా అత్తగారు ఇప్పటికీ సాయంత్రం అరుగు మీద కూర్చుంటారు, భీముడు ఇప్పటికీ తిన్న వెంటనే వెళ్లి ఆవిడ ఒడిలో తల పెడుతున్నాడు.