డబ్ల్యూడీపీ-4డీ: ఈఎండీ ఇంజన్లలో ఏది మేలు?

మౌలాలి, కాచిగూడ చుట్టుపక్కల చెవులకు పాత ఆల్కో (అమెరికా కంపెనీ డిజైన్) డీజిల్ ఇంజన్ దడదడ బాగా అలవాటు. మరో అమెరికా కంపెనీ ఈఎండీ డిజైన్ చేసిన ఇంజన్ అలా దడదడలాడదు, ఎడతెగకుండా గుర్రుమంటుంది. ఆల్కో ఫోర్ స్ట్రోక్, ఇది టూ స్ట్రోక్. 16 సిలిండర్ల వీ ఇంజన్, ఒక్కో సిలిండర్ 710 ఘనపు అంగుళాలు. 710 అన్న పేరు అక్కడి నుంచే.

1999లో గూడ్స్ కోసం డబ్ల్యూడీజీ-4, 2001లో ప్యాసింజర్ కోసం డబ్ల్యూడీపీ-4 వచ్చాయి. రెండూ 4,000 హార్స్‌పవర్. ఆ తర్వాత తయారీ వారణాసికి మారింది. గూడ్స్ ఇంజన్‌ను తప్పుబట్టడానికి పెద్దగా ఏమీ లేదు, బయల్దేరేటప్పుడు 540 కిలోన్యూటన్లు లాగుతుంది. ప్యాసింజర్‌దే తేడా. బరువు తగ్గించాలని ఆరు ఇరుసులకు నాలుగు మోటార్లే పెట్టారు, లాగుడు 270 దగ్గర ఆగిపోయింది. అదే దీని అసలు లోపం. తొలకరి జల్లుకు పట్టాల మీది మురికి జిడ్డుగా మారితే, 24 పెట్టెలతో కదిలేటప్పుడు చక్రం జారడం మామూలే. భోరున కురిసే వానే నయం, ఆ జిడ్డును కడిగేస్తుంది.

తర్వాత వచ్చిన డబ్ల్యూడీపీ-4బీలో ఆరు మోటార్లూ పెట్టి, 4,500 హార్స్‌పవర్‌కు పెంచారు. క్యాబ్ మాత్రం ఒకటే. పొడవాటి హుడ్ (ఇంజన్‌ను కప్పే పెట్టెలాంటి భాగం) ముందుంటే లోకో పైలట్‌కు ఒక పక్క సిగ్నల్ సరిగా కనబడదు. 4డీలో రెండో క్యాబ్ వచ్చింది, ఇంజన్‌ను తిప్పే పని తప్పింది. ఎంచుకోమంటే మా ఓటు దీనికే.

బలహీనత ఇన్వర్టర్లది, అంటే మోటార్లకు ఏసీ కరెంటు అందించే పరికరాలది. సీమెన్స్ ఏర్పాటులో ఒక్కో బోగీకి ఒకటే ఇన్వర్టర్ (బోగీ అంటే ఇక్కడ పెట్టె కాదు, మూడు ఇరుసుల చట్రం). అది పోతే మూడు మోటార్లూ పోయినట్టే, సగం ఇంజన్‌తో బండిని ఈడ్చాలి.

చాలాసేపు ఆగి ఉన్న ఇంజన్‌ను స్టార్ట్ చేసే ముందు టెస్ట్ కాక్‌లు (సిలిండర్లకుండే చిన్న కవాటాలు) తెరిచి, క్రాంక్‌ను చేత్తో ఒక చుట్టు తిప్పి చూడాలి. నీటి చుక్క కనబడితే స్టార్ట్ చేయకూడదు. సిలిండర్‌లో నీరుండగా తిప్పితే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. తర్వాత ఫ్యూయల్ ప్రైమ్, అంటే స్టార్ట్‌కు ముందే పంపుతో డీజిల్‌ను లైన్లలో నింపడం. రెండు గాజు గిన్నెల్లో రిటర్న్‌ది బుడగల్లేకుండా నిండాలి, బైపాస్‌ది ఖాళీగా ఉండాలి. బైపాస్‌లో డీజిల్ చేరిందంటే ఫిల్టర్ పూడుకుందన్నమాట.

ఆపేటప్పుడే ఎక్కువ మంది తొందరపడతారు. ఇంజన్ ఆగాక సోక్‌బ్యాక్ పంపు సుమారు 35 నిమిషాలు టర్బో (ఇంజన్‌లోకి గాలిని ఒత్తి పంపేది) బేరింగ్‌కు ఆయిల్ పంపుతూ చల్లబరుస్తుంది. ఈలోగా బ్యాటరీని వేరుచేసే నైఫ్ స్విచ్ లాగేస్తే పంపు ఆగిపోయి, లోపలి వేడికి బేరింగ్ మాడుతుంది. టర్బో మార్చడమంటే క్రేన్ పని, షెడ్‌కు తీసుకెళ్లక తప్పదు.