పొదుగుకి కూర్చున్న కోడిని పొదగనివ్వాలా, మాన్పించాలా?

మందలో పుంజు ఉండి, పిల్లలు కావాలనుకుంటే పొదగనివ్వడమే బెస్ట్, ఇంక్యుబేటర్ అక్కర్లేదు, తిప్పడం, తేమ చూడడం అన్నీ అదే చూసుకుంటుంది, 21 రోజులకి పిల్లలు దిగుతాయి. కానీ దాన్ని వేరే మూలలో పెట్టండి, లేకపోతే మిగతా పెట్టలు అదే గూట్లో గుడ్లు పెట్టేస్తాయి, అందుకే పెట్టిన గుడ్లకి పెన్సిల్ గీత గీసి, గీత లేనివి రోజూ తీసేయాలి. పొదిగే కోడి రోజుకి ఒకసారే లేస్తుంది, గబగబా తిని, పెద్ద కంపు రెట్ట వేసి మళ్లీ కూర్చుంటుంది, కాబట్టి మేత, నీళ్లు దగ్గర్లోనే ఉండాలి. పిల్లల్ని పెంచే వారాలు కూడా కలిపితే రెండు నెలలపైనే గుడ్లు ఉండవు.

పుంజు లేకపోతే మాత్రం మాన్పించండి, పాపం ఉత్తి గుడ్ల మీద తిండి మానేసి చిక్కిపోతుంది. అడుగున కూడా జాలీ ఉన్న కేజ్‌ని ఎత్తులో పెట్టి, గడ్డి వేయకుండా మేత నీళ్లతో ఉంచితే పొట్టకి గాలి తగిలి వేడి తగ్గి, సాధారణంగా మూడు నాలుగు రోజుల్లో మానేస్తుంది. చన్నీళ్లలో ముంచడం నాకస్సలు నచ్చదు, దానికి హింస తప్ప ఏం లేదు.