దూరవిద్య బృందానికి ఈథర్‌ప్యాడ్: ఏళ్ల తరబడి వాడించాక

దూరవిద్యలో డిగ్రీ చదివేవారికి ఆదివారం తరగతులే ఆధారం. నా దగ్గర అర్థశాస్త్రం వినేవారిలో దుకాణాల్లో పనిచేసేవారు, పిల్లల్ని బడికి పంపాక పుస్తకం పట్టేవారు ఎక్కువ. వారమంతా ఎవరి చదువు వారిదే. వారిని కలిపి చదివించడానికి కొన్నేళ్లుగా ఈథర్‌ప్యాడ్ వాడిస్తున్నాను. 2008లో మొదలై, మరుసటి ఏడాది చివర్లో ఓపెన్ సోర్స్ అయిన సాఫ్ట్‌వేర్ ఇది. ఖాతా అక్కర లేదు. లింకు తెరిస్తే ఒకే పేజీలో అందరూ ఒకేసారి రాయవచ్చు. ఎవరి రాత వారి రంగులో కనిపిస్తుంది.

ఆ రంగులే దీని ప్రాణం. పని ఒకరిది, మార్కులు నలుగురివి అన్న ఫిర్యాదు ఇప్పుడు రావడం లేదు. పాత మార్పుల్ని వరుసగా చూపే టైమ్‌స్లైడర్ జరిపితే ప్రతి వాక్యం ఎలా పుట్టి ఎలా మారిందో చూడవచ్చు.

అయితే అందరూ కలిసి రాయండి అంటే ఎవరూ రాయరు. పని పంచాలి. 1971లో మనస్తత్వవేత్త ఇలియట్ ఆరన్‌సన్ అమెరికాలోని ఆస్టిన్ బడుల్లో ప్రవేశపెట్టిన జిగ్‌సా పద్ధతినే పాటిస్తాను. పాఠాన్ని ముక్కలుగా పంచితే, ఎవరి ముక్క వారు చదివి మిగతావారికి చెబుతారు. భూసంస్కరణల పాఠంలో ఒకరికి 1948 మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టం, ఒకరికి 1950 హైదరాబాదు కౌలుదారీ చట్టం, ఇంకొకరికి 1951 పోచంపల్లి భూదానం, మరొకరికి 1973 భూపరిమితి చట్టం ఇచ్చాను. కౌలు చట్టం చదివినామె పక్కనున్న చాట్‌లో అడిగింది: “రక్షిత కౌలుదారులకు హక్కులొచ్చాక భూదానం అవసరం ఎందుకు పడిందండీ?” భూదానం చదివినతను ఆకుపచ్చ అక్షరాల్లో జవాబిచ్చాడు: పోచంపల్లిలో వినోబాను భూమి అడిగింది సెంటు నేల లేని దళిత కుటుంబాలు, కౌలు చట్టంతో వారికి ఒరిగిందేమీ లేదు. నా ఉపన్యాసాల్లో ఎన్నడూ రాని ప్రశ్న అది!

ఇబ్బందులూ ఉన్నాయి. రంగులు చెరిపే బొత్తాన్ని ఎవరైనా నొక్కితే అందరి రంగులూ పోతాయి. పాత ప్రతిని టైమ్‌స్లైడర్‌లో వెతుక్కోవాలి. ప్లగిన్లు, అంటే అదనంగా చేర్చుకునే భాగాలు, లేనిదే పట్టికలు, బొమ్మలు కుదరవు. అర్థశాస్త్రానికి ఇది పెద్ద లోటు. డిమాండు రేఖను కాగితం మీద గీసి, ఫొటో తీసి వాట్సాప్‌లో పంపుకోవలసి వస్తోంది. కొన్ని ఉచిత సర్వర్లు కొంతకాలం వాడని ప్యాడ్‌ను, అంటే మనం రాసుకున్న పేజీని, తుడిచేస్తాయి కనుక పాఠం ముగిసిన రోజే దింపుకోవాలి.

నలుగురైదుగురి బృందానికి నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను. పదిమంది ఉంటే రంగులు గుర్తుపట్టడం కష్టం. రెండు ప్యాడ్లు తెరవండి.