ఆదివారం తెరిచే కాలేజీ: ఏళ్ల తరబడి వాడాక నా సమీక్ష

ఉత్తర తెలంగాణలో మాదొక చిన్న పట్టణం. అక్కడి ప్రభుత్వ డిగ్రీ కాలేజీ వారమంతా పిల్లలది. ఆదివారం పొద్దున గేటు దగ్గర కనిపించే జనం వేరు. అంగన్‌వాడీ టీచర్లు, ఆర్టీసీ కండక్టర్లు, హోంగార్డులు, బీడీలు చేసే ఆడవాళ్లు, కిరాణా కొట్టు తమ్ముడికి అప్పజెప్పి వచ్చినవాళ్లు. అది డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీ స్టడీ సెంటర్, అంటే ఇంటి దగ్గరే చదువుకుంటూ ఆదివారం క్లాసులకు వచ్చే చోటు. నేను అక్కడే బీఏ చేశాను, తర్వాత ఎంఏ చేశాను. ఇప్పటికీ మా వాడకట్టు వాళ్ల ఫారాలు నింపడానికి పోతూనే ఉంటాను. "అక్కా, ఎట్లుంటది? నిజంగా పనికొస్తదా?" అని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు, అందుకే రాస్తున్నాను.

నా మార్కులు ముందే చెప్పేస్తాను. పుస్తకాలకు పదికి తొమ్మిది, క్లాసులకు ఐదు, మా సెంటర్ ఆఫీసు పనికి మూడు. ఆదివారం పూట గేటు తీసి పెట్టినందుకు మాత్రం ఎన్ని వేసినా తక్కువే.

మా మేనమామ ఈ యూనివర్సిటీ పెట్టిన తొలి రోజుల్లో డిగ్రీ చేశాడు. ఆయన సర్టిఫికెట్ మీద ఆంధ్రప్రదేశ్ ఓపెన్ యూనివర్సిటీ అని ఉంటుంది, నా దాని మీద అంబేద్కర్ గారి పేరు ఉంటుంది. 1982లో మొదలైనప్పుడు దేశం మొత్తంలో ఇలాంటిది ఇదొక్కటే. ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ ఓపెన్ యూనివర్సిటీ, అదే ఇగ్నో, వచ్చింది 1985లో. ఇక్కడ మొదటి వైస్ చాన్సలర్‌గా పనిచేసిన జి. రాంరెడ్డి గారే ఇగ్నోకీ మొదటి వైస్ చాన్సలర్ అయ్యారు. ఢిల్లీ వాళ్లు మన దగ్గర నేర్చుకున్న పని ఇదొకటని మామయ్య ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటాడు. 1991లో అంబేద్కర్ పేరు పెట్టారు. మామయ్య కాలంలో ఆకాశవాణిలో పాఠాలు వచ్చేవట, రేడియో పక్కన నోట్‌బుక్కు పెట్టుకుని కూర్చునేవాడట. ఇప్పుడు రాష్ట్ర ప్రభుత్వ విద్యా టీవీ టీశాట్‌లో వస్తున్నాయి, యూట్యూబ్‌లోనూ ఉన్నాయి.

ఇందులో నాకు నచ్చిన తెలివి ఒకటుంది. ఊరూరా కొత్త బిల్డింగులు కట్టుకుంటూ కూర్చోలేదు. ఉన్న కాలేజీల్లోనే సెలవు రోజున ఖాళీగా ఉండే గదులు తీసుకున్నారు. అక్కడి లెక్చరర్లకే మా క్లాసులు అప్పజెప్పారు. అందుకే మాలాంటి చిన్న పట్టణాలకు కూడా యూనివర్సిటీ చదువు వచ్చింది. సెంట్రల్ జైళ్లలో కూడా స్టడీ సెంటర్లు ఉన్నాయి, అక్కడ ఖైదీలు డిగ్రీలు పూర్తి చేస్తున్నారు.

నేను ఎనిమిదో తరగతితో బడి మానేశాను. పెళ్లి, పిల్లలు, ఆ కథ అందరికీ తెలిసిందే. టెన్త్ లేదు, ఇంటర్ లేదు. అప్పట్లో పద్దెనిమిదేళ్లు నిండినవాళ్లు ఏ సర్టిఫికెట్టూ లేకపోయినా అర్హత పరీక్ష రాసి, పాసైతే నేరుగా బీఏలో చేరొచ్చు. మా వదిన పేపర్లో ప్రకటన చూపిస్తే నమ్మలేదు, మోసం అనుకున్నాను. పరీక్ష రాశాను, పాసయ్యాను. నాలాంటి ఎంతమంది ఆడవాళ్లు ఆ దారిలో లోపలికొచ్చారో ఏ ఆదివారం మా సెంటర్లో కూర్చున్నా తెలిసేది.

ఆ దారి ఇప్పుడు లేదు. దేశంలో యూనివర్సిటీలకు నిబంధనలు పెట్టే యూజీసీ దూరవిద్య నిబంధనల ప్రకారం డిగ్రీలో చేరాలంటే ఇంటర్ గానీ దానికి సమానమైన చదువు గానీ ఉండాల్సిందే. టెన్త్ కూడా లేనివాళ్లు ముందు ఓపెన్ స్కూల్లో టెన్త్, తర్వాత ఇంటర్ కట్టి ఇటు రావాలి. నాణ్యత కోసమే అంటారు. ఉండొచ్చు. కానీ ముప్పై అయిదేళ్ల మనిషి రెండు పరీక్షలకు బదులు ఒక్క పరీక్షతో లోపలికి రావడం వల్ల నాణ్యత ఎక్కడ చెడిందో నాకైతే అర్థం కాలేదు. నిజానికి మా బ్యాచ్‌లో కష్టపడి చదివింది అర్హత పరీక్ష రాసి వచ్చినవాళ్లే. ఈ సమీక్షలో నా అసలు ఫిర్యాదు ఇదే, మిగతావన్నీ చిల్లర.

ఇక పుస్తకాలు. గ్రూప్స్‌కు చదివే పిల్లలందరికీ ఈ పుస్తకాల సంగతి తెలుసు. హైదరాబాద్ అశోక్‌నగర్‌లో తెలుగు అకాడమీ పుస్తకాల పక్కనే వీటి జిరాక్సులూ అమ్ముతారు. ఎందుకంత గిరాకీ అంటే, అవి లెక్చరర్ పక్కన లేడని తెలిసి రాసిన పుస్తకాలు. యూనిట్ మొదట్లోనే ఇది చదివాక నీకేం తెలియాలో చెప్తారు. రెండు మూడు పేజీలు కాగానే 'మీ ప్రగతిని పరీక్షించుకోండి' అని ప్రశ్న వేసి, కింద రాసుకోవడానికి ఖాళీ వదులుతారు. జవాబులు యూనిట్ చివర ఉంటాయి. నా పొలిటికల్ సైన్స్ పుస్తకంలో ఆ ఖాళీలన్నీ పెన్సిల్ రాతలే, కొన్నిచోట్ల పసుపు మరకలు కూడా, ఎందుకంటే నేను చదివింది వంటింట్లో. ప్రాథమిక హక్కుల పాఠం అయిపోయాక మా మున్సిపాలిటీ నోటీసు మొదటిసారి ఎవరి సాయం లేకుండా చదివి అర్థం చేసుకున్నాను. ఒక మార్కు ఎందుకు తగ్గించానంటే, కొన్ని సబ్జెక్టుల్లో పాఠం ఎప్పటిదో, లెక్కలు ఎప్పటివో. ఆర్థికశాస్త్రం చదివేవాళ్లు కొత్త అంకెలు వేరేచోట చూసుకోవాల్సిందే.

క్లాసులు మనిషిని బట్టి ఉంటాయి. మాకు చరిత్ర చెప్పిన సార్ వారం అంతా పిల్లలకు చెప్పి అలసిపోయి కూడా ఆదివారం మధ్యాహ్నం దాకా ఉండేవారు, ఆడవాళ్లు బస్సు వేళకు బయల్దేరాలని ముఖ్యమైన పాఠం ముందే ముగించేవారు. ఇంకో సబ్జెక్టుకు బోర్డు మీద టైంటేబుల్ ఉండేది, మనిషి ఉండేవాడు కాదు. ఇరవై కిలోమీటర్లు బస్సులో వచ్చి ఖాళీ గది చూసి వెనక్కి పోతే పోయేది ఒక పూట మాత్రమే కాదు, ఆ రోజు కూలి కూడా. పైగా ఇంట్లో "చెప్పానా" అనే మాట.

ఆఫీసు గురించి ఎక్కువ రాయను. ఒకసారి హాల్‌టికెట్‌లో నా ఇంటిపేరు తప్పు పడితే సరిచేయించుకోవడానికి నెలలు పట్టింది. ఈ సెంటర్లో అడిగితే ఆ ఆఫీసుకు పొమ్మన్నారు, అక్కడ అడిగితే మళ్లీ ఇక్కడికే. పరీక్షల ముందు ఆ టెన్షన్ పగవాడికీ వద్దు. ఇప్పుడు చాలా పనులు ఆన్‌లైన్ అయ్యాయి, కాస్త నయం. మా రోజుల్లో ఏడాదికోసారి పరీక్షలుండేవి, ఇప్పుడు సెమిస్టర్లు. దానివల్ల చదువు కొంచెం కొంచెంగా సాగుతుంది గానీ పని చేసుకునేవాళ్లకు సెలవులు అడుక్కునే బాధ రెట్టింపయ్యింది.

పనికొస్తుందా అంటే, నాతో చదివిన ఒక అటెండర్ ఇప్పుడు అదే ఆఫీసులో జూనియర్ అసిస్టెంట్. నాకు మాత్రం జీతం ఒక్క రూపాయి పెరగలేదు. పెరగలేదని ఎంఏ మానెయ్యలేదు. రెగ్యులర్ కాలేజీకి పోగలిగే వయసు, వీలు ఉన్న పిల్లలైతే అక్కడికే పోవాలని నా అభిప్రాయం. వాళ్లకు రోజూ అడిగే మనిషి కావాలి, ఇక్కడ అడిగేవాళ్లుండరు. సైన్స్ తీసుకునేవాళ్లు ప్రాక్టికల్స్ ఏ సెంటర్లో జరుగుతాయో చేరకముందే కనుక్కోండి, అన్నిచోట్లా ఉండవు.

చేరేవాళ్లకు ఇంకొక్క మాట. ఫారం పంపేముందు పేరు, ఇంటిపేరు, పుట్టిన తేదీ మెమోలో ఉన్నట్టే ఉన్నాయో లేదో అక్షరం అక్షరం చూసుకోండి, అన్నింటికీ జిరాక్సులు దగ్గర పెట్టుకోండి. టిఫిన్ డబ్బా కూడా తీసుకెళ్లండి, ఆదివారం క్యాంటీన్ ఉండదు.