క్యోటో మ్యూజియమా, టోక్యో మింగేకానా: ఒక్కటే చూసే టైముంటే ఏది మేలు?

జపాన్ పోతున్నం, అక్కడి చేతిపనుల మ్యూజియం ఒక్కటన్న చూడాలె, ఏది బాగుంటది అని మనోళ్లు అడుగుతుంటరు. నేను రెండూ చూసిన, రెండోదానికి అమ్మను కూడా తీస్కపోయిన, అందుకే నా మాట కొంచెం అటే మొగ్గుతది, ముందే చెప్తున్న.

క్యోటోది, అంటే క్యోటో మ్యూజియం ఆఫ్ క్రాఫ్ట్స్ అండ్ డిజైన్, ఒకాజాకి అనే చోట, హేయన్ గుడికి దగ్గర్లనే మియాకో మెస్సే అని పెద్ద బిల్డింగు, దాని బేస్‌మెంట్ల ఉంటది. నిషిజిన్ నేత, యూజెన్ అద్దకం, కియోమిజు పింగాణీ, విసనకర్రలు, లక్క సామాను, మొత్తం 74 రకాల పనులు ఒక్కచోటనే. చాలా వాటికి పని ఎట్ల మొదలై ఎట్ల ముగుస్తదో వరసగా పెట్టిండ్రు, కొన్ని రోజులైతే పనోళ్లే కూర్చొని మన ముందట చేసి చూపిస్తరు. పిల్లలుంటే కళ్లు మూస్కొని ఇక్కడికే పోండి. లక్క దగ్గర కొంచెం ఆగండి, మన ఏటికొప్పాక బొమ్మల లక్క పురుగు నుంచి వస్తది, వాళ్ల ఉరుషి మాత్రం చెట్టుకు గాటు పెడితే కారే పాలు, చూస్తే రెండూ ఒకే తీరు మెరుస్తయి.

టోక్యోలో నిహోన్ మింగేకాన్, అంటే జపాన్ జనం చేతిపనుల మ్యూజియం, అట్ల ఉండదు. షిబుయాలో ఇనోకషిరా లైన్ లోకల్ ఎక్కితే రెండో స్టేషన్ కొమాబా-తోదాయ్‌మాయె, అక్కడ్నించి నడకనే. యనగి సోయెత్సు అనే ఆయన 1936ల తెరిచిండు. మింగేయ్ అంటే జనం చేతిపని, ఆ మాటను 1925ల ఆయన, కుమ్మరి పనిలో పేరున్న హమదా షోజి, కవాయ్ కంజిరో కలిసి పుట్టించిండ్రు. పేరు తెల్వని పనోళ్లు రోజువారీ వాడకానికి చేసిన గిన్నెలు, కూజాలు, బట్టలు, అసొంటివి 17,000 దాకా ఉన్నయి, మార్చి మార్చి పెడ్తరు. వివరాల బోర్డులు చాలా తక్కువ, ఎందుకంటే ముందు చూడు, తెల్సుకునుడు తర్వాత అన్నది యనగి పట్టుదల. ఏం తెల్వకుండ పోతే అరగంటకే బయటికొచ్చేస్తరు, అది నిజం.

మాది పోచంపల్లి దిక్కు, అమ్మ ఏండ్లకేండ్లు ఆసు పోసింది, అంటే నేతకు నూలును మేకుల చుట్టూ వరసగా తిప్పే పని, నాన్న సైకిల్ ట్యూబు ముక్కలతోని నూలుకు ముడులేసేటోడు. ఆ రోజు అక్కడ ఒక నీలి కసురి బట్ట పెట్టిండ్రు, కసురి అంటే మన ఇక్కత్ పద్ధతే, నేసుడు కంటే ముందే నూలు కట్టి రంగుల ముంచుతరు. అమ్మ అద్దం మీదికి వంగి, తెల్ల గీత అంచుల రంగు ఈకలెక్క జరిగిన చోటు వేలితో చూపించి "ముడి ఇక్కడ కొంచెం వదులైంది" అన్నది. ఎవరు నేసిండ్రో అక్కడ రాసిలేదు, అయినా ఆ మనిషి పని అమ్మకు దొరికింది.

అందుకే నేత ఇంట్లోళ్లకు, ఏ చేతిపని తెల్సినోళ్లకైనా మింగేకానే అంట నేను. పని కొత్తోళ్లకు, ఇంకా పిల్లలతో పోయేటోళ్లకు క్యోటో. రెండు ఊళ్లూ పోతుంటే క్యోటో ముందు చూడండి, పని ఎట్ల జరుగుతదో తెల్సి పోతే మింగేకాన్‌ల గిన్నె ముందట నిలబడుడు వేరే ఉంటది. సోమవారం మింగేకాన్ బంద్, కొత్త ప్రదర్శన మార్చేటప్పుడు కొన్ని రోజులు కూడా మూస్తరు, తేదీ చూస్కొనే టికెట్లు పెట్టుకోండి.