షాకిల్ కీచైన్ కొనే ముందు ఒక్కసారి ఆగండి

థార్, జిమ్నీ, గూర్ఖా, బొలెరో... మీ బండి ఏదైనా సరే, "హెవీ డ్యూటీ స్టీల్" అని రాసి అమ్మే బుల్లి షాకిల్ (బండిని లాగేటప్పుడు తాడు తగిలించే, మర పిన్నుతో మూసే U ఆకారపు కొక్కెం) కీచైన్లతో జాగ్రత్త అన్నలూ. ఆన్‌లైన్లోనూ, ఇటు నల్లగొండ, పాలమూరు యాక్సెసరీస్ దుకాణాల్లోనూ ఇవే వేలాడుతున్నాయి. 350 రూపాయలు పెట్టి కొన్నది మూడు నెలలు కూడా ఆగలేదు. పిన్ను ఊడింది, చాబీ మట్టిలో పడింది. అడిగితే "వాడకంలో పోయింది, వాపస్ లేదు" అన్నారు.

అది అసలు స్టీలే కాదు. షాకిల్ లోపలి వంపు మీద ఆకురాయితో నాలుగు సార్లు రుద్దండి. క్రోమ్ మెరుపు పోగానే రాగి రంగు పొర సన్నగా తేలుతుంది. ఇంకా రుద్దితే మెత్తటి బూడిద రంగు లోహం వస్తుంది. అచ్చులో పోసిన జింకు అది. గట్టి దెబ్బ తగిలితే వంగకుండా పుటుక్కున విరుగుతుంది, విరిగిన చోట పలుకులు పలుకులుగా ఉంటుంది. దుకాణంలో రుద్దనివ్వరు కాబట్టి చిన్న అయస్కాంతం జేబులో వేసుకుని పోండి. అంటకపోతే అనుమానించాల్సిందే. కొన్ని స్టెయిన్‌లెస్ రకాలకూ అంటదు గానీ, ఈ ధరలో ఆ సరుకు ఆశించవద్దు.

పిన్నుకు మరలు నాలుగైదు చుట్లే ఉంటాయి. డిండి, దేవరకొండ వైపు రాళ్ల బాటల్లో గంటసేపు అదిరితే కొంచెం కొంచెంగా వదులైపోతుంది. బండి లాగే అసలు షాకిల్‌ను పూర్తిగా బిగించి పావు చుట్టు వెనక్కి తిప్పుతాం కదా, లోడు పడ్డాక పట్టెయ్యకుండా. చేతి అలవాటుతో కీచైన్‌కూ అదే చేస్తున్నారు. దీన్ని మాత్రం చివరిదాకా బిగించాలి. ఇప్పటికే కొన్నవాళ్లు మరలను థిన్నర్‌తో తుడిచి, ఆరాక మరలు వదులవకుండా పట్టి ఉంచే జిగురు, నీలం రకం లాక్‌టైట్ 243 ఒక్క చుక్క వేసి బిగించి, 24 గంటలు ముట్టకండి. ఎర్ర రకం వద్దు, వేడి చేస్తే తప్ప ఊడదు. లేదంటే పిన్ను తలకున్న రంధ్రంలోంచి సన్న తీగ దూర్చి షాకిల్‌కు మెలిపెట్టండి.

రింగు ఇంకా మోసం. గోరుతో తెరిచి వదలండి, టక్కున మూసుకోవాలి. రెండు చుట్ల మధ్య కాగితం దూరేంత సందు మిగిలిందంటే అది మెత్తటి ఇనుము. పడెయ్యండి.

చాబీ తిప్పి స్టార్ట్ చేసే బండైతే బరువు కూడా చూసుకోవాలి. గుత్తి మొత్తం 50 గ్రాములు దాటకపోతే మంచిదని నా లెక్క. గుంత గుంతకూ గుత్తి ఊగుతుంటే లాకు లోపలి పలకలు అరుగుతాయి. మొదట చాబీ పట్టేస్తుంది, తర్వాత కదిపితే గానీ తిరగదు. అమెరికాలో జనరల్ మోటార్స్ 2014లో దాదాపు 26 లక్షల కార్లను వెనక్కి పిలిచింది. చాబీ తిప్పే స్విచ్ బలహీనంగా ఉండి, గుత్తి బరువుకో కుదుపుకో ఆన్ నుంచి జారిపోయేది. ఇంజన్ ఆగేది, ఎయిర్‌బ్యాగులు తెరుచుకునేవి కావు. లాకు పట్టేస్తే ఇంజన్ ఆయిల్ పొయ్యకండి, మన ఎర్రమట్టి దుమ్మంతా దానికే అంటుకుంటుంది. గ్రాఫైట్ పొడి వెయ్యండి.

చిప్ ఉన్న రెండు చాబీలు ఒకే రింగుకు పెట్టకండి, ఒకదాని సిగ్నల్‌కు ఇంకొకటి అడ్డమొచ్చి బండి స్టార్ట్ కాకపోవచ్చు. చాబీ పోతే చిప్ లేని డూప్లికేట్‌తో డోరు తెరుచుకుంటుంది గానీ ఇంజన్ నిలబడదు. మన్ననూరు దాటి అమ్రాబాద్ అడవి దారిలో చాబీ పోతే మరీ కష్టం. రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా అక్కడ రాకపోకలు ఆపేస్తారు, చాలా చోట్ల ఫోనూ పలకదు. రెండో చాబీ పక్క సీటులో కూర్చున్న మనిషి జేబులో ఉండాలి. కొత్త బండితో పాటు చాబీ నంబరున్న చిన్న బిళ్ల ఇస్తే, దాన్ని గుత్తికి తగిలించకుండా ఇంట్లో ఆర్‌సీ కాగితాల దగ్గర పెట్టండి.