విశాఖలో ప్లేస్టేషన్ కోసం టీవీ కొనబోతున్నారా? ‘120’ స్టిక్కర్‌ను నమ్మకండి

ఇప్పుడే షోరూము నుంచి ఇంటికి వచ్చాను. కోపం ఇంకా దిగలేదు. రాతలో అటూ ఇటూ దూకితే సర్దుకుని చదవండి.

ఏ షోరూమో పేరు రాయను. ద్వారకా నగర్ వైపు తిరిగేవాళ్లకు అలాంటి షోరూములు తెలిసినవే. గుమ్మంలో రంగు బెలూన్లు, లోపల చల్లటి ఏసీ, అడుగు పెట్టగానే మంచినీళ్లు. పాత టీవీ పోయింది. పెద్ద టీవీల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరులో 28 నుంచి 18 శాతానికి తగ్గింది కదా అని ఈలోగా డబ్బు కూడబెట్టుకున్నాను. పీఎస్5 (ప్లేస్టేషన్ 5, టీవీకి తగిలించి ఆడే గేమ్ కన్సోల్) ఇంట్లో ఉంది. కావలసింది 55 అంగుళాల టీవీ, 120 హెర్ట్జ్ ప్యానెల్, అంటే సెకనుకు 120 సార్లు బొమ్మ మార్చగల తెర. అంతకు మించి నాకు కోరికలు లేవు.

సేల్స్‌మన్‌ను ఒకటే అడిగాను: “ప్యానెల్ నిజంగా 120 హెర్ట్జేనా?”

టీవీ మీది ‘120’ స్టిక్కర్ చూపించి, “ఇదిగో సార్, మీ కళ్ల ముందే రాసి ఉంది. వైజాగ్‌లో పీఎస్5 ఉన్నవాళ్లందరూ ఇదే తీసుకుంటున్నారు సార్” అన్నాడు. అదే సైజులో, అదే కంపెనీదే పక్కన ఇంకో టీవీ ఉంది, 14,000 తక్కువ. అది వద్దని చెప్పింది కూడా ఆయనే. “అది 60 సార్. గేమ్ ఆడితే తేడా మీకే తెలిసిపోతుంది.” చివరి మాట గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది. హెచ్‌డీఎంఐ 2.1 పోర్టు (కన్సోల్ కేబుల్ తగిలించే చోటు, కొత్త ప్రమాణంది) ఉందని చూపించాడు. బంగారు పూత పూసిన కేబుల్ ఒకటి విడిగా అంటగట్టాడు, అది లేకపోతే 120 రాదట. పీఎస్5 డబ్బాలోనే కంపెనీ వాళ్లు అల్ట్రా హై స్పీడ్ కేబుల్ పెట్టి ఇస్తారని ఆ క్షణంలో నాకు తట్టలేదు, నా తెలివికి దండం.

టీవీ వచ్చింది, గోడకెక్కింది. అమ్మ సీరియల్ చూసి “బొమ్మ బాగుంది” అంది. నాన్న క్రికెట్ పెట్టారు, బంతి గీత గీసినట్టు సాఫీగా వెళ్తోంది. అందరూ సంతోషం. రాత్రి నేను పీఎస్5 తగిలించి, సెట్టింగుల్లో స్క్రీన్ అండ్ వీడియోలోకి వెళ్లి, వీడియో అవుట్‌పుట్ సమాచారం తెరిచాను. టీవీ ఏయే ఫ్రీక్వెన్సీలు తీసుకోగలదో అక్కడ జాబితా ఉంటుంది. 4కె (టీవీ పూర్తి స్పష్టత) దగ్గర 60 దాటి ఒక్క అంకె లేదు. కేబుల్ మార్చాను, పోర్టు మార్చాను, టీవీ మెనూలో కనిపించిన ప్రతి మీటా నొక్కాను. 60 కదలలేదు.

తయారీ కంపెనీ సైటులో ఆ మోడల్ పేజీ తెరిస్తే అట్టడుగున చిన్న అక్షరాల్లో ఉంది: రిఫ్రెష్ రేటు 60 హెర్ట్జ్. పైన పెద్ద అక్షరాల్లో ఉన్న 120 పక్కన ‘మోషన్’ అనే మాట ఉంది. అంటే ప్యానెల్ సెకనుకు 60 సార్లే మారుతుంది. బొమ్మ కదలిక నునుపుగా కనిపించడానికి టీవీ చేసే గారడీకి వాళ్లు పెట్టుకున్న అంకె ఆ 120. షోరూములో తిరిగే డెమో వీడియో, నాన్న చూసిన క్రికెట్, అన్నీ ఆ గారడీ చలవే. రెండు ఫ్రేముల (వరుసగా వచ్చే బొమ్మల) మధ్య లేని ఫ్రేమును టీవీ తానే ఊహించి పెడుతుంది. ఊహించాలంటే తర్వాతి ఫ్రేము వచ్చేదాకా ఆగాలి కాబట్టి బొమ్మ ఆలస్యమవుతుంది. క్రికెట్‌లో ఆ ఆలస్యం ఎవరికీ పట్టదు. గేములో మీట నొక్కాక హీరో తీరిగ్గా కదిలితే అప్పటికే చచ్చిపోయి ఉంటాడు. అందుకే టీవీని గేమ్ మోడ్‌లో పెట్టగానే అది ఆ నునుపు చేసే పనిని పక్కన పెట్టేస్తుంది. నేను 14,000 ఎక్కువ పెట్టి కొన్న ‘120’, సరిగ్గా గేమ్ ఆడే వేళకు మాయమయ్యే రకం!

మరి 2.1 పోర్టో? అది అబద్ధం కాదు, అదే నా మంట. ఆ ప్రమాణంలో 4కె 120 సహా చాలా సౌకర్యాలు ఐచ్ఛికం. గేము మొదలవగానే టీవీ తనంతట తాను గేమ్ మోడ్‌కు మారడంలాంటి చిన్న సౌకర్యం పెట్టి కూడా 2.1 అని రాసుకోవచ్చు. ఈ సంగతి 2021 చివర్లోనే బయటపడింది, హెచ్‌డీఎంఐ నిర్వాహకులే ఔనన్నారు కూడా.

సరే, ఇవాళ కంపెనీ పేజీ ప్రింటు, పీఎస్5 తెర ఫోటో, బిల్లు పట్టుకుని వెళ్లాను. గొడవ పెట్టుకుందామని కాదు. తేడా డబ్బు కట్టి అసలు 120 ఉన్న మోడల్ తీసుకుంటాను, మార్చండి అని అడగడానికే. అదే సేల్స్‌మన్ ప్రింటు వంక చూడనుకూడా లేదు, మేనేజరు గారి దగ్గరికి పంపాడు. ఆయన కాగితం తిరగేసి, కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టి, క్లాసులో పాఠం చెప్పే ధోరణిలో మొదలుపెట్టారు.

“చూడు బాబూ, మనిషి కంటికి సెకనుకు 24 ఫ్రేములకు మించి కనిపించదు. సినిమాలన్నీ 24లోనే తీస్తారు. జగదాంబలో కూర్చుని సినిమా చూస్తావు కదా, ఎప్పుడైనా కుదుపు కనిపించిందా? 60 ఇచ్చాం, అదే ఎక్కువ. 120 నీకెందుకు?”

నాకెందుకా? అమ్మిన రోజున తేడా మీకే తెలిసిపోతుందన్న మనిషి మూడడుగుల దూరంలో నిలబడి ఫోను చూసుకుంటున్నాడు. 24కు మించి కంటికి కనిపించనప్పుడు 120 పేరు చెప్పి నా దగ్గర 14,000 ఎందుకు తీసుకున్నారు సార్ అని అడిగాను. మేనేజరు గారు జవాబు చెప్పలేదు. జవాబు సేల్స్‌మన్ దగ్గర నుంచి వచ్చింది, ఫోను మీద నుంచి తల ఎత్తకుండానే:

“ఇవన్నీ కొనకముందే చదువుకుని రావాలి తమ్ముడూ. కొన్నాక చదువుకుని వచ్చి మా మీద పడితే ఎలా? అయినా గేమ్సే కదా, ఉద్యోగం కాదు కదా.”

పక్కన ఫ్రిజ్ బేరమాడుతున్న దంపతులు నవ్వారు. మంచినీళ్లు తెచ్చి ఇచ్చే కుర్రాడూ నవ్వాడు. ఈ రోజంతటిలో నన్ను అన్నిటికంటే కోసింది ఆ మాటే. చదువుకునే కదా వచ్చాను! ప్యానెల్ 120యేనా అని అడిగింది చదువుకున్నందుకే. అబద్ధం చెప్పినవాడు, అబద్ధాన్ని ముందే కనిపెట్టలేదని నన్ను తప్పుపడుతున్నాడు. దారిలో తట్టిన జవాబులన్నీ అప్పుడే తట్టి ఉంటే ఎంత బాగుండేదో. అక్కడ మాత్రం నోట మాట రాలేదు, బిల్లు మడిచి జేబులో పెట్టుకున్నాను.

ఆ 24 పాఠానికి జవాబు ఇక్కడ రాస్తాను, మేనేజరు గారి కంట పడినా సంతోషమే. సినిమాకు 24 స్థిరపడింది కంటిని కొలిచి కాదు. 1920ల చివర్లో మాటల సినిమాలు వచ్చినప్పుడు ఫిల్మ్ అంచున శబ్దం సరిగ్గా పలకాలంటే ఒక నిలకడైన వేగం కావలసి వచ్చింది, ఫిల్మ్ ఖర్చూ మరీ పెరగకూడదు, అలా కుదిరిన అంకె అది. ఆ 24ను కూడా ఫిల్మ్ ప్రొజెక్టరు ఉన్నదున్నట్టు చూపించేది కాదు. రెప్పలాడినట్టు మినుకు కనిపించకూడదని ఒక్కో ఫ్రేము మీద వెలుగును రెండు మూడుసార్లు కొట్టేది. పైగా కెమెరా తీసిన ప్రతి ఫ్రేములో కదలిక కాస్త చెరిగి ఉంటుంది, కన్ను దాన్ని కలుపుకుంటుంది. అన్నిటికీ మించి, జగదాంబలో నా చేతిలో పాప్‌కార్న్ ఉంటుంది, కంట్రోలర్ ఉండదు.

కంట్రోలర్ చేతిలో ఉన్నప్పుడు లెక్క వేరు. 30 ఫ్రేముల్లో ఒక్కో బొమ్మ తెర మీద 33 మిల్లీసెకన్లు కూర్చుంటుంది. 60లో సుమారు 16.7, 120లో 8.3. నేను నొక్కిన మీట ఫలితం తర్వాతి బొమ్మలోగానీ రాదు. 30 నుంచి 60కి మారితే మీట నొక్కగానే మనిషి కదిలాడనిపిస్తుంది, చెప్పకుండా ఆడించినా చాలామంది పోల్చేస్తారు. 60 నుంచి 120కి వెళ్లినప్పుడు అంత పెద్ద తేడా ఉండదని నేనూ ఒప్పుకుంటాను. కన్సోల్ మీద 120 ఇచ్చే ఆటలు తక్కువ కూడా, ఫోర్ట్‌నైట్, కాల్ ఆఫ్ డ్యూటీ లాంటి కాల్పుల ఆటల్లోనే ఎక్కువ. “మరైతే ఏడుపెందుకు” అంటారేమో, అసలు కిటుకు 40 దగ్గరుంది.

పీఎస్5లో కథ నడిచే పెద్ద ఆటలు చాలావరకు రెండు దారులు ఇస్తాయి: బొమ్మ అందంగా 30 ఫ్రేములు, లేదా అందం కొంత తగ్గించుకుని 60. మధ్యలో 40 ఉంది. 40లో ఒక్కో ఫ్రేము 25 మిల్లీసెకన్లు. 33కూ 16.7కూ సరిగ్గా నడిమధ్య. అందం దాదాపు పోదు, చేతికి చురుకు వస్తుంది. 2021లో రాచెట్ అండ్ క్లాంక్ రిఫ్ట్ అపార్ట్‌లో ఇది వచ్చాక గాడ్ ఆఫ్ వార్ రాగ్నరాక్ లాంటివీ అదే బాట పట్టాయి. అయితే 40 కావాలంటే టీవీ 120 అయి ఉండాలి. 120ని 40తో భాగిస్తే మూడు, ప్రతి ఫ్రేమూ మూడుసార్లు, సమంగా. 60ని భాగిస్తే ఒకటిన్నర. ఒక ఫ్రేము ఒకసారి, ఇంకోటి రెండుసార్లు, గతుకుల రోడ్డు మీద సిటీ బస్సు ప్రయాణమే. అందుకే 60 టీవీ తగిలిస్తే ఆ వీలే దొరకదు. నేను డబ్బు పెట్టింది దానికోసం. గేమ్సే కదా అన్న పెద్దమనిషికి ఇది ఎలా అర్థం కావాలి? 50 హెర్ట్జ్ టీవీల కాలంలో యూరప్‌కు వచ్చిన జపాన్ ఆటలు, 60 హెర్ట్జ్ కోసం తయారైనవి, చాలావరకు ఆరో వంతు నెమ్మదిగా నడిచేవి, సంగీతంతో సహా. ఫ్రేములకు విలువ లేదనేవాళ్లను కూర్చోబెట్టి అవి ఆడించాలి.

చివరికి తేలింది ఇది: డబ్బా విప్పాం కాబట్టి మార్చరట. బిల్లు అడుగున ‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’ అని అచ్చు వేసి ఉందని మేనేజరు గారు వేలు పెట్టి చూపించారు. కేబుల్ కూడా తీసుకోలేదు.

బయటికి వచ్చి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో లోపం అంటే సరుకు పగిలి ఉండటం ఒక్కటే కాదు. అమ్మకందారు ఏ రూపంలోనైనా చెప్పుకున్న నాణ్యత, ప్రమాణం సరుకులో లేకపోయినా లోపమే. వాపసు గడువు బిల్లు మీద లేకపోతే, లోపం ఉన్న సరుకును 30 రోజుల్లోగా వెనక్కి తీసుకోకపోవడాన్ని అదే చట్టం అనుచిత వ్యాపార పద్ధతి అంటోంది. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో 5 లక్షల లోపు సరుకుకు ఫీజు కూడా లేదు. నా దగ్గర ఉన్న చిక్కల్లా ఆ సేల్స్‌మన్ నోటితో చెప్పాడు, రాసి ఇవ్వలేదు. స్టిక్కర్ ఫోటో మాత్రం ఉంది.

కొనబోయేవాళ్లకు గబగబా రెండు ముక్కలు. మోడల్ నంబరు తీసుకుని షాపులో నిలబడే తయారీ కంపెనీ సైటులో రిఫ్రెష్ రేటు చూడండి, మోషన్ పేరుతో ఉన్న అంకెలను వదిలేయండి. ‘4కె 120 హెర్ట్జ్ ప్యానెల్’ అని బిల్లు మీద రాయించండి, రాయము అంటే బయటికి నడవండి. కుదిరితే పీఎస్5ను సంచిలో పెట్టుకుని వెళ్లి అక్కడే తగిలించి చూడండి, నవ్వితే నవ్వుతారు. కేబుల్ కొనకండి.

ఆ మోడల్ నంబరు కావలసినవాళ్లు నాకు విడిగా సందేశం పెట్టండి, పంపిస్తాను. విశాఖలో జిల్లా కమిషన్‌కు ఎవరైనా ఇలాంటి కేసు మీద వెళ్లి ఉంటే ఏయే కాగితాలు జత చేశారో చెప్పండి, సోమవారం ఆ పనిమీదే వెళ్తున్నాను.